చమురు నంటనీయని జల్లెడ



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ఒక జల్లెడను గూర్చి. జల్లెడ యనగా పిండి జల్లించుకొనునదియే కదా, దానిని గూర్చి రేడియోలో చెప్పవలసినదేమున్నదని మీకు తోచవచ్చును. పిండిజల్లెడ పెద్దనలుసును ఆపి చిన్ననలుసును విడుచును. నేను చెప్పబోవు జల్లెడ అట్టిది కాదు. దాని కన్నములగుండ నీరు పోవును, చమురు పోదు. నీటిబొట్టును చమురుబొట్టును ఒకే పరిమాణమున నున్నను అది వాని భేదమును గుర్తింపగలదు. అంతియకాదు, ఉప్పునీటిలో, ఆమ్లము కలిసిన నీటిలో, క్షారపునీటిలో మునిగియుండియు ఆ గుణమును కోల్పోకుండునట్లు దానిని చేయవలెనని పలుదేశముల శాస్త్రజ్ఞులు ఇరువది యేండ్లకు పైగా పాటుపడుచున్నారు.

ఇట్టి జల్లెడ మనకేల యనువారికి రెండు సంగతులు మనవిచేసెదను. 2010వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీన అమెరికాకు దక్షిణముననున్న మెక్సికో సింధుశాఖలో 'డీప్‌వాటర్ హొరైజన్' అను బావిత్రవ్వు తేలుయంత్రముపై గొప్ప ప్రేలుడు జరిగి 11 మంది మరణించిరి. యంత్రము మునిగిపోయెను. సుమారు 1,500 మీటర్ల లోతున సముద్రపు టడుగుననున్న బావి తెరచుకొని, జులై 15వ తేదీవరకు చమురు నీటిలోనికి చిమ్ముచునే యుండెను. ఆ దేశ ప్రభుత్వము వేసిన లెక్క ప్రకారము బావినుండి వెడలినది సుమారు 49 లక్షల పీపాలు. ఒక పీపా 159 లీటర్లు.

రెండవది మనకు దాపుననే జరిగినది. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను మీకు జ్ఞాపకముండును. అది తీరము దాటుటకు ముందు చెన్నపట్టణమును వరదలో ముంచెను. ఆ వరదలో ఎన్నూరు ఉప్పుటేటిలోనికి చమురు చేరెను. అచ్చట సముద్రమున కలియు కొసస్తలయారునకు, మన చిత్తూరుసీమలో పుట్టిన నగరియేరు ఉపనది. ఎన్నూరు జాలరులు తమ పడవలలోనే పోయి, బొక్కెనలతోను చిన్నపాత్రలతోను ఆ చమురును తోడిరి. పడవలు నల్లబడినవి, వలలు పాడైనవి, వేటకు పోవువారు వేట మానుకొనిరి.

బొక్కెనకు వివేకము లేదు. అది చమురుతోపాటు నీటిని సైతము తోడును. తోడినదానిని ఎచ్చట పోయవలెను? తిరిగి ఏటిలో పోయరాదు. గట్టున పోసినచో నేలలో ఇంకును. పీపాలకెత్తి మోసికొనిపోయినచో మోసినదానిలో పెద్దభాగము నీరే యగును. చమురును పట్టి నీటిని అక్కడికక్కడే విడిచిపెట్టు సాధనము చేతనున్నచో ఆ జాలరుల శ్రమలో కొంతయైనను తగ్గియుండును. మన జల్లెడ యక్కర అక్కడ నున్నది.

ఈ విద్యకు మూలము మన ఇండ్లలోనే కలదని నేను తెలిసికొన్న విధమును చెప్పెదను. నేను రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడను. ఇట్టి జల్లెడలను గూర్చి చదివి, పిల్లలకు చూపుటకు ముందుగా ఇంటి పెరటిలో పరీక్షింప బూనితిని. ఒక గిన్నెలో నీరుపోసి, అందులో పొలము ఇంజనుకు వాడు డీజిలు కొంచెము కలిపి, దట్టమైన నూలుబట్టను చెంబుమూతికి బిగించికట్టి, దానిపై గిన్నెను మెల్లగా వంచితిని. చమురు నీటికంటె తేలిక; పైననుండును; పైననున్నదే ముందు పడును. బట్ట ఆ చమురును పీల్చుకొనెను. చమురు చెంబులోనికి కారెను. పిమ్మట వచ్చిన నీరు కొంత పైన నిలిచెను, కొంత చమురుతో కలిసియే దిగెను. నేను చదివినది కల్లయని విసుగుకొంటిని.

అరుగుపై కూర్చుండి నా వాలకమంతయు చూచుచున్న మా పెద్దమ్మ, "ఏమిరా అబ్బాయీ, చల్ల చిలికి వెన్న తీసేవాళ్లు పొడిచెయ్యి పెడతారా? ముందు చెయ్యి చన్నీళ్లలో ముంచుకోవద్దూ? లేకపోతే వెన్నంతా చేతికే అంటుకుంటుంది. నీ గుడ్డ తడిపావా?" అని యడిగెను.

నేను తడుపలేదు. వేరొక బట్టను తీసికొని నీటిలో నానవేసి, ఆ తడితోనే చెంబుమూతికి కట్టి, మరల గిన్నెను వంచితిని. ఈసారి నీరు చెంబులోనికి దిగెను. డీజిలు బట్టపైననే చిన్నమడుగువలె నిలిచెను. అది శాశ్వతముగా నిలువలేదు. బట్ట యంచు ఆరినచోటినుండి చమురు దిగజొచ్చెను. అయినను నాకు కావలసిన పాఠము దొరకెను. రెండు పర్యాయములును బట్ట ఒక్కటే, నీరు ఒక్కటే, చమురు ఒక్కటే. భేదమెల్ల బట్టను ముందుగా తాకినది ఏది యనుటలోనే యున్నది.

ఇట్టివి మీకు క్రొత్తవి కావు. గారెలు తట్టువారు పిండి అంటకుండుటకై చేయి నీటితో తడుపుకొందురు. పనసకాయ కోయువారు జిగురంటకుండుటకై చేతికి నూనె రాచుకొందురు. ముందుగా చోటు నాక్రమించినది తనకు పొసగనిదానిని దరిచేరనీయదు. చమురునంటనీయని జల్లెడకు ఆధారమైన సూత్రము ఇదియే. శాస్త్రజ్ఞులు చేసినదేమనగా, ఒకసారి తడిపిన తడి సులభముగా వదలకుండునట్లు తీగెలకు పూతపూయుట.

ఇక శాస్త్రము మాట. ఒక వస్తువుపై నీటిబొట్టు వేసినచో అది పరచుకొనునో, గుండుగా నిలుచునో చూడుడు. బొట్టు అంచు ఆ వస్తువుతో చేయు కోణమును కొలిచి, ఆ వస్తువునకు నీరు ఇష్టమో అనిష్టమో చెప్పవచ్చును. ఈ కోణమునకు సంబంధించిన నియమమును 1805లో ఇంగ్లండు దేశపు థామస్ యంగ్ వివరించెను. గాజుపలకపై బొట్టు పరచుకొనును, కోణము స్వల్పము. తామరాకుపై బొట్టు ముత్యమువలె నిలుచును; కోణము 150 డిగ్రీలకు మించును. తామరాకు మీది నీటిబొట్టును మన పెద్దలు ఏనాటినుండియో సామెతగా చెప్పుకొనుచున్నారు. దాని కారణమును జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనువారు 1997లో విశదపరచిరి. ఆకుపై కంటికానని బొడిపెలును, వానిపై సన్నని మైనపు నలుసులును కలవు. వాని సందులలో గాలి చిక్కుకొనియుండును. నీటిబొట్టు ఆకుపై కాక చాలవరకు ఆ గాలిపైననే కూర్చుండును, కావుననే దొరలిపోవును.

ఈ తామరాకు గుణమును తీగజల్లెడకు తెచ్చిన మొదటివారిలో చైనాదేశపు లెయ్ జియాంగ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ముఖ్యులు. 2004లో వారు స్టెయిన్‌లెస్ స్టీలు తీగల జల్లెడకు టెఫ్లాను జాతి పూతపూసిరి. మన యిండ్లలో దోసెలంటని పెనములపై నుండునది ఆ పూతయే. ఆ జల్లెడపై నీరు గుండ్లుగా నిలిచెను. డీజిలు క్షణములో క్రిందికి దిగెను. ఇది చమురును ప్రేమించి నీటిని ద్వేషించు జల్లెడ.

అయితే దానికి రెండు చిక్కులున్నవి. చిక్కని ముడిచమురు తీగెలకు పట్టుకొని కన్నములను పూడ్చును. అప్పుడు జల్లెడ పనికిరాదు. మరియు నీరు చమురుకంటె బరువు గనుక, మిశ్రమమును పోసినతోడనే నీరు అడుగునకు చేరి జల్లెడను కప్పివేయును. పైన తేలు చమురునకు జల్లెడను చేరుటకే దారియుండదు. కావున దీనికి విపర్యయమైనది కావలసివచ్చెను. నీటిని ప్రేమించి, నీటిలో మునిగియున్నప్పుడు చమురును ద్వేషించు జల్లెడ అది.

దానికి గురువు చేప. చమురు తేలుచున్న నీటిలో పక్షి రెక్కలు తడిసి మరణించును గాని, చేప పొలుసుకు చమురు అంత సులభముగా అంటదు. లెయ్ జియాంగ్ బృందమువారే 2009లో చేపపొలుసును పరిశీలించి, దాని గరుకుదనమును, దానిపైనున్న జారుడుపొరను కారణములుగా చూపిరి. ఆ పొర నీటిని పట్టియుంచును. చమురుబొట్టు పొలుసును తాకబోయి నీటినే తాకును. గుండుగా మారి జారిపోవును. తామరాకు గాలిని కాపలా పెట్టుకొన్నట్లు చేప నీటిని కాపలా పెట్టుకొన్నది. 2011లో ఆ బృందమే స్టీలుజల్లెడ తీగెలకు నీటిని పీల్చి ఉబ్బు ఒక జిగురుపదార్థమును పూసి, చేపగుణము గల జల్లెడను చేసి ప్రకటించెను. ఆ పదార్థము పేరు పాలీఎక్రిలమైడు. దానిపై నీరును చమురును కలిపి పోసినప్పుడు, కేవలము తమ బరువుచేతనే రెండును విడిపోయి, నూటికి 99 పాళ్లకు పైగా చమురు పైననే నిలిచినది. ముందుగా దానిని నీటితో తడుపవలెను. మా పెద్దమ్మ చెప్పినదే.

జల్లెడ ఎంత చమురును మోయగలదను ప్రశ్న కలుగును. కన్నము చిన్నదగుకొలది బలము హెచ్చును. మిల్లీమీటరులో వెయ్యవవంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము అటునిటుగా 50 మొదలు 100 మైక్రానులు. సుమారు 50 మైక్రానుల కన్నముగల తడిజల్లెడ జానెడు ఎత్తు చమురును దాదాపుగా ఆపగలదు. కన్నమును సగము చేసినచో రెట్టింపు ఎత్తును ఆపును. కాని నీరు దిగుట మందగించును. ఎక్కువ బలము కావలెనా, ఎక్కువ వేగము కావలెనా యను బేరము ఇందులో ఎప్పుడును ఉండును.

జానెడు చమురునకే లొంగు జల్లెడ, 1,500 మీటర్ల లోతున, గాలి ఒత్తిడికి సుమారు 150 రెట్లుండు నీటి ఒత్తిడిని ఎట్లు తాళగలదని మీరడుగవచ్చును. లోతులో ఒత్తిడి జల్లెడకు రెండు వైపులను సమముగా నుండును. కావున అది జల్లెడను గెంటదు. జల్లెడను గెంటునది ఇరువైపుల ఒత్తిడిలోని భేదము మాత్రమే. అయినను లోతునీటికి వేరు కష్టములున్నవి. మెక్సికో సింధుశాఖలో 2010 మే నెలలో బావిపై గొప్ప యినుపగుమ్మటమును దింపిరి. బావినుండి వచ్చిన వాయువు ఆ లోతునందలి చలిలో నీటితో కలిసి మంచుగడ్డవంటి పదార్థముగా మారి గుమ్మటమును పూడ్చివేసెను. ఆ ప్రయత్నము విఫలమయ్యెను. గుమ్మటమునకే అట్టి గతి పట్టినచోట వెండ్రుకమందపు కన్నములను గూర్చి తొందరపడి గొప్పలు చెప్పరాదు.

పూతకు శత్రువులు మరికొందరు కలరు. చమురుబావులనుండి చమురుతోపాటు వచ్చు నీరు సముద్రపునీటికంటెను ఉప్పగా నుండుట కలదు. కర్మాగారముల మురుగునందు ఆమ్లమును క్షారమును ఉండును. జిగురుపూతలు ఉబ్బి తీగెలనుండి ఊడిరావచ్చును. రాగితీగెలపై పెంచిన రాగిసమ్మేళనపు పూతలను ఆమ్లము కరగించును. అలలతోవచ్చు ఇసుక పూతను ఒరయును. సముద్రమున నాలుగునాళ్లు ఉంచిన ఏ వస్తువుపైననైనను పాచియు గవ్వపురుగులును చేరుట మన తీరవాసులకు తెలియనిది కాదు.

ఈ శత్రువులను జయించుటకు జరిగిన యత్నములలో మన కోస్తావారికి ఇంపుగా నుండునది ఒకటి కలదు. రొయ్యపెంకునుండి కైటోసాన్ అను పదార్థమును తీయుదురు. భీమవరము ప్రాంతమున రొయ్యల శుద్ధిశాలల పెంకులు ఎంతగా పోగుపడునో మీరెరుగుదురు. చైనాదేశపు శాస్త్రజ్ఞులు 2013లో ఈ కైటోసాన్‌ను తీగజల్లెడకు పూసి, ఉప్పు మిక్కిలిగా నున్న నీటిలోను అది చమురును అంటనీయలేదని చూపిరి. కైటోసాన్‌కు ఒక దోషము కలదు. అది ఆమ్లములో కరగును. దానికి వారు పాలీవినైల్ ఆల్కహాలు అను మరియొక పదార్థమును జోడించి, రెంటి పోగులను రసాయనికముగా ముడివేసిరి. నేతలో పడుగును పేకయు కలిసినట్లు కలిసిన ఆ పూత ఆమ్లమునకును క్షారమునకును చాలవరకు నిలిచినది. జియోలైటు అను రాతిజాతి స్ఫటికములను పూయుట మరియొక మార్గము. దానిని సైతము 2013లో ప్రకటించిరి. అది ఉబ్బదు, గట్టిది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2015లో వేరొక దారి పట్టిరి. స్టీలుజల్లెడపై పొరలుపొరలుగా ఇసుకజాతి సూక్ష్మరేణువులను, పైపొరగా ఫ్లోరిను గల సబ్బుజాతి పదార్థమును పూసిరి. ఒరపిడికి నిలుచుట ఆ పూత సుగుణము. అయితే ఇక్కడ నేను మీకొక హెచ్చరిక చేయవలెను. ఫ్లోరిను, కర్బనము పెనవేసికొన్న పదార్థములలో పెక్కు ప్రకృతిలో ఎంతకాలమునకును చివుకవు. అవి నీటిని, చేపను, తుదకు మనుష్యుని రక్తమును చేరును. ఆ కుటుంబములోని కొన్నింటిని స్టాక్‌హోం ఒడంబడిక 2009లోను, 2019లోను నిషేధింపవలసిన, లేక అదుపుచేయవలసిన వస్తువుల జాబితాలో చేర్చినది. నీటినుండి చమురును తీయబోయి చమురుకంటె చిరకాలముండు విషమును నీటిలో దింపుట తెలివికాదు. కావున ఏ పూతను మెచ్చుకొనుటకు ముందైనను, అది దేనితో చేయబడినదని అడుగవలెను.

మరియొక హద్దు కలదు. చమురు బొట్లుగా తేలుచున్నప్పుడే ఈ జల్లెడ దానిని పట్టును. సబ్బునీరు కలిసియో, గట్టిగా చిలుకబడియో చమురు అతిసూక్ష్మకణములుగా చెదరినచో నీరు పాలవలె తెల్లబడును. ఆ కణములు కన్నములకంటె చిన్నవి, అవి దాటిపోవును. పాలలో వెన్న కలదు; అయినను పాలను ఎన్ని బట్టలలో వడగట్టినను వెన్నరాదు. తోడుపెట్టి, చిలికి, కణములను ఒకటిచేసినపిమ్మటనే వచ్చును. అట్టి నీటికి మరింత సన్నని పొరలు కావలెను. వానిలో నీరు దిగుట మిక్కిలి నెమ్మది. కావున చమురు ఒలికిన వెంటనే, అది అలలలో చిలుకబడకముందే పట్టుట ముఖ్యము. ఆలస్యమునకు ఏ పూతయు మందు కాదు.

ఈ విషయము మన తీరమునకు దూరమైనది కాదు. కృష్ణా గోదావరుల మోపున సముద్రగర్భమునుండి 2009లో గ్యాసును, 2024 జనవరిలో లోతునీటి బావినుండి క్రొత్తగా ముడిచమురును తీయనారంభించిరి. మీ బిడ్డలకు దానివలన పని దొరకవచ్చును; దేశమునకు మేలు కలుగవచ్చును. దానిని నేను కాదనను. అయితే అదే నీటిలో మన జాలరులు వేటాడుదురు. అదే నీరు ఏటిపోటుతో మన మడ అడవులలోనికి, రొయ్యలచెరువుల కాలువలలోనికి వచ్చును. ఒలికిననాడు మొదట నష్టపోవువారు గట్టున నున్నవారు.

రేపు ఎవరైనను మీ యూరికివచ్చి ఇట్టి జల్లెడను చూపి ఇది సర్వరోగనివారణియని చెప్పినచో, పెద్దలుగా మీరు కొన్ని ప్రశ్నలు వేయుడు. దీనిని ఉప్పునీటిలో ఎన్నాళ్లు ఉంచి చూచితిరి? ఇసుకతో ఒరసి చూచితిరా? గిన్నెలోనా, ఏటిలోనా పరీక్షించితిరి? పూతలో నున్నదేమి? ఊడిన పూత ఎచ్చటికి పోవును? పట్టిన చమురును ఎచ్చట ఉంచుదురు? ప్రయోగశాలలో చెంబెడు నీటిపై నిలిచినది ఉప్పుటేటిలో నిలువవలెనను నియమము లేదు. ఇప్పటివరకు ఈ జల్లెడలలో ఎక్కువభాగము అరచేతిముక్కలుగానే పరీక్షింపబడినవి. వానిని పడవలవెంట లాగగల పెద్దవలలుగా, పేదవాడు కొనగల వెలకు చేయుట ఇంకను మిగిలియున్న పని. ఆ పనిలో మన కళాశాలల యువకులు పాల్గొనవలెనని నా కోరిక. రొయ్యపెంకు మనకున్నది, నేతనేర్పు మనకున్నది, అక్కరయు మనదే.

తుదకు ఒక్కమాట. ఈ జల్లెడను చమురు తాకకముందే తడుపవలెను. చమురు తాకినపిమ్మట తడిపి లాభములేదు. ఏటిగట్టు గ్రామములకును ఇదియే వర్తించును. చమురు వచ్చినపిమ్మట బొక్కెనలు వెదకికొనుట ఎన్నూరులో చూచితిమి. ఏటిమొగకు అడ్డముగా తేలుకట్టను ఎవరు వేయవలెను, వర్తమానము ఎవరికి పంపవలెను, తోడినది ఎచ్చట చేర్చవలెను అనునవి ముందుగానే గ్రామపెద్దలు కూర్చుండి, రేవు అధికారులను పిలిచి నిర్ణయించుకొనవలెను. దానికి ఏ క్రొత్త పూతయు అక్కరలేదు. ఈ మాటయే మీకు మనవిచేయుటకు ఇంతసేపు మీ కాలమును తీసికొంటిని.